మా అమ్మ కంచము



కట్టుడు పళ్ళను గూర్చి కుటుంబ పత్రికలో వ్రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాము. అయితే ప్రసంగి గ్రంథము 12వ అధ్యాయములో వృద్ధాప్యమును వర్ణించేచోట తిరుగలి విసిరేవారి మాట ఒకటి ఉన్నది. అది పళ్ళను గూర్చిన మాటేనని పెద్దలు చెబుతారు. కన్నులు, చెవులు, కాళ్ళతోపాటు పళ్ళకు కూడా దేవుని వాక్యములో చోటు దొరికినప్పుడు, మా ఇంట జరిగినది మీతో చెప్పుకొనుటకు సిగ్గుపడనక్కరలేదని తలంచి ఇది వ్రాస్తున్నాము. సిగ్గుపడవలసినది వేరే ఉన్నది. అదీ చెబుతాము.

మేము భార్యాభర్తలము. గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో మిర్చి, ప్రత్తి పండించుకొని బ్రతుకుతున్నాము. మా ఇంటి పెద్దదిక్కు అమ్మ. మాలో ఒకరికి తల్లి, ఒకరికి అత్తగారు. ఇద్దరమూ అమ్మా అనే పిలుస్తాము. నలభై ఏళ్ళుగా మా సంఘములో కీర్తన ఎత్తుకొనేది అమ్మే. హార్మోనియము లేని రోజుల్లో కూడా అమ్మ మొదటి చరణము అందుకుంటే సంఘమంతా వెంట పాడేది. స్త్రీల కూటములో వాక్యము చదివేదీ అమ్మే.

అమ్మ పళ్ళు యాభై దాటకముందే కదలడం మొదలుపెట్టాయి. ఆ తరము ఆడవారిలో చాలమందివలె అమ్మకు కూడా నశ్యము పళ్ళకు రాసుకొనే అలవాటు ఉండేది. చిగుళ్ళు వాచి రక్తము వచ్చినా, పన్ను పీకితే కంటిచూపు పోతుందని చుట్టుపక్కలవారు భయపెట్టారు. మేమూ నమ్మాము. అది వట్టి మాట. పంటి నరము వేరు, కంటిచూపు నరము వేరు. ఆ భయముతో పదేళ్ళు ఆలస్యము చేసేసరికి చిగుళ్ళ జబ్బు ఎముకను తినివేసింది. 2014లో మిగిలిన పళ్ళన్నీ తీయించి పైకీ క్రిందికీ సెట్టు కట్టించాము.

మొదటి మూడు నాలుగేళ్ళు బాగానే గడిచాయి. తరువాత క్రింది సెట్టు వదులైపోయింది. పన్ను ఉన్నంతకాలమే దవడ ఎముక నిండుగా ఉంటుందట. పన్ను పోయిన తరువాత, పని లేని ఎముక ఏటేటా అరిగిపోతూ ఉంటుంది. పై సెట్టుకు అంగిలి అంతా ఆధారము కాబట్టి అది గాలి చొరకుండా అతుక్కొని నిలుస్తుంది. క్రింది సెట్టు గుర్రపు నాడా ఆకారములో సన్నని గట్టు మీద కూర్చుంటుంది. నాలుక కదిలినప్పుడల్లా లేచిపోతుంది. పైగా క్రింది దవడ ఎముకే ఎక్కువగా అరుగుతుంది. ఇవన్నీ మాకు తరువాత తెలిసిన సంగతులు. ఆనాడు మేము చూచినది ఒక్కటే. అమ్మ మాతో కలిసి భోజనానికి కూర్చోవడము మానివేసింది.

“మీరు తినండి నాయనా, నేను తరువాత తింటాను” అనేది. మేము చేతులు కడుక్కొని వెళ్ళిన తరువాత సెట్టు తీసి కొంగు చాటున పెట్టుకొని, చారన్నము మెత్తగా పిసికి మింగేది. ముక్క లేదు, గోంగూరలోకి ఉల్లిపాయ లేదు, జామకాయ లేదు. షుగరు ఉన్న మనిషి మూడు పూటలా మెత్తని అన్నమే తింటే షుగరు ఎలా అదుపులో ఉంటుంది? మేము మందుల చీటీ చూచుకున్నామే గాని అమ్మ కంచములోనికి చూడలేదు.

2022 క్రిస్మస్ ఆరాధనలో అమ్మ కీర్తన ఎత్తుకున్నది. రెండవ చరణములో క్రింది సెట్టు ఊడి పెదవి మీదికి వచ్చింది. ముందు వరుసలోని పిల్లలు నవ్వారు. పిల్లలు గనుక నవ్వారు, వారిని తప్పు పట్టలేము. అమ్మ నోటికి కొంగు అడ్డుపెట్టుకొని కూర్చున్నది. ఆ తరువాత స్త్రీల కూటమునకు పోలేదు. సంస్కారపు ఆదివారము కూడా, మోకాళ్ళు నొప్పులని చెప్పి ఇంటనే ఉండిపోయింది. ఆ మోకాళ్ళతోనే సోమవారము మిరపకాయలు తొడిమలు తీసింది. మాకు అర్థము కాకపోలేదు. అర్థము కానట్టు ఊరుకున్నాము.

సిగ్గుపడవలసినది వేరే ఉన్నదన్నాము గదా, అది ఇదే. 2021లో మా పెద్దవాడు కోవిడ్‌తో పదకొండు దినములు ఆసుపత్రిలో ఉండి బ్రతికి బయటపడ్డాడు. అప్పుడు మందిరమునకు ఇనుప గేటు పెట్టిస్తామని మ్రొక్కుకున్నాము. రెండు పంటల మీద 65,000 రూపాయలు కూడబెట్టి పోస్టాఫీసులో వేశాము. గేటు మీద మా ఇద్దరి పేర్లు, మా కుమారుని పేరు ఏ అక్షరములలో ఉండాలో కూడా కాగితము మీద వ్రాసిపెట్టుకున్నాము. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు ఫోను చేసి, “అన్నయ్యా, అమ్మకు ఇంప్లాంట్లు వేయిస్తే క్రింది సెట్టు కదలదట, కనుక్కోండి” అంటే, “ఉన్న డబ్బు దేవునిది, దానిని ముట్టుకోకూడదు. డెబ్బై మూడేళ్ళ మనిషికి ఇప్పుడు అంత ఖర్చు ఎందుకురా?” అన్నాము. అమ్మ పక్క గదిలోనే ఉన్నది. వినే ఉంటుంది.

2023 వేసవిలో గేటు కొలతల కొరకు పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. పాస్టరమ్మగారు అమ్మను పలకరించుటకు లోపలికి వెళ్ళి చాలాసేపటికి గాని బయటకు రాలేదు. వచ్చి అయ్యగారితో ఏదో చెప్పారు. అయ్యగారు టేపు మడిచి జేబులో పెట్టుకొని, మార్కు సువార్త 7వ అధ్యాయము తీయించి మాచేతనే చదివించారు. తల్లిదండ్రులకు చేయవలసిన దానిని కొర్బాను అని పేరుపెట్టి ఎగవేసినవారిని ప్రభువు గద్దించిన భాగమది. ఎన్నిసార్లు విన్నామో. అది మమ్మును గూర్చినదని ఎన్నడూ తోచలేదు.

“మ్రొక్కుబడి తీర్చవద్దని నేను చెప్పను. ఒక ఏడాది ఆలస్యముగానైనా తీర్చండి. మందిరము గేటు లేకుండానే యాభై ఏళ్ళు నిలిచింది. ఆమె లేకుండా మన పాట నిలవడము లేదు” అన్నారు. మేము తల ఎత్తలేకపోయాము.

తీరా అమ్మే ఒప్పుకోలేదు. “దేవుని సొమ్ము నా నోట్లో పెడతారా?” అని ఏడ్చింది. పాస్టరమ్మగారు, “అమ్మా, ఆ నోటితో మీరు ఎవరిని పాడుతారు?” అని అడిగారు. అమ్మ మరి మాట్లాడలేదు.

పట్టణములో దంత వైద్యురాలికి చూపించాము. మా అమ్మాయి వయస్సుదే. మొదటి మాటే మాకు నచ్చింది. “మామ్మగారూ, అందరికీ ఇంప్లాంట్లు అవసరము లేదు. కొందరికి పాత సెట్టు లోపల కొత్త పొర వేస్తే చాలు, కొందరికి కొత్త సెట్టు కడితే చాలు. మీకు క్రింది ఎముక బాగా అరిగింది గనుక ఉత్త సెట్టు నిలవదు” అన్నది. నోరంతా ఇంప్లాంట్లు అక్కరలేదనీ, క్రింది దవడ ముందు భాగములో రెండు చాలుననీ, పై సెట్టు మామూలుదే ఉండవచ్చుననీ చెప్పింది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో నిపుణులు కూడి, పళ్ళు లేని క్రింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టు మొదట ఆలోచించవలసిన వైద్యమని ప్రకటించారట.

ఇంప్లాంటు అంటే టైటానియము లోహముతో చేసిన చిన్న మర. స్వీడన్ దేశపు వైద్యుడు బ్రోనెమార్క్ 1952 ప్రాంతములో కుందేలు కాలి ఎముకలో టైటానియము పరికరము పెట్టి పరిశోధన చేశాడు. పని ముగిసిన తరువాత తీయబోతే అది రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకున్నది. వేరే సంగతి వెదుకుతుండగా దొరికిన ఈ సంగతి మీద మరి పదమూడేళ్ళు పనిచేసి, 1965లో మొదటిసారిగా ఒక మనిషి దవడలో పెట్టాడు. ఎముకకు అంటుకొనే గుణము ఆ లోహమునకు ఇచ్చిన సృష్టికర్తకు స్తోత్రము. దానిని ఓపికతో కనిపెట్టినవారికి మన కృతజ్ఞత.

వెంటనే పని జరగలేదు. అమ్మకు మూడు నెలల షుగరు సగటు చూపే పరీక్షలో 9కి పైన వచ్చింది. షుగరు అదుపులో లేకపోతే గాయము మానదు, ఎముక మరను పట్టుకోదు. నాలుగు నెలలు ఆహారము, మందులు సరిచేసుకొని 7కు దగ్గరగా తెచ్చాము. దవడ అంతా కనబడే ఎక్స్‌రే తీశారు. క్రింది దవడలో ఒక నరము పోతుంది, దానికి తగలకూడదు. రెండు ఇంప్లాంట్లు, కొత్త సెట్టు కలిపి 70,000 రూపాయలు అన్నారు. తక్కువైన 5,000 తమ్ముడు పంపాడు.

2023 నవంబరులో చిగురుకు మత్తు ఇంజెక్షను ఇచ్చి రెండు మరలూ బిగించారు. గంటలో పని ముగిసింది. పన్ను పీకించుకున్నంత బాధ కూడా లేదని అమ్మ చెప్పింది. అయితే ఎముక పట్టుకొనుటకు మూడు నెలలు ఆగాలి. విత్తనము వేసిన మరునాడే మొలక అడగలేము గదా.

2024 మార్చిలో చూస్తే కుడివైపుది గట్టిగా ఉన్నది. ఎడమవైపుది కదులుతున్నది. దానిని తీసివేయక తప్పలేదు. మా గుండె జారిపోయింది. గేటు డబ్బు ముట్టుకున్నందుకే ఇలా అయ్యిందా అన్న తలంపు కూడా మాకు వచ్చింది. దాచవలసిన పని లేదు. ఆ రాత్రి అమ్మ మా ఇద్దరినీ పిలిచి, తలగడ క్రిందనుండి నశ్యపు డబ్బీ తీసి మా ముందు పెట్టింది. “మానేశానని డాక్టరమ్మతో అబద్ధమాడాను నాయనా” అన్నది. మరునాడు డాక్టరు గారితో కూడా తానే చెప్పింది. ఆమె కోప్పడలేదు. “నూటికి కొన్ని ఏ కారణము లేకుండానే అతకవు మామ్మగారూ. ఇదే కారణమని నేను చెప్పలేను. కాని పొగాకు గాయమును మాననివ్వదు” అన్నది. డబ్బీ అక్కడే చెత్తబుట్టలో పడింది. అమ్మ అబద్ధము ఒప్పుకున్న తీరు చూచి, గేటు మీద పేర్లు వ్రాసుకున్న మా కాగితము మాకు గుర్తుకు వచ్చింది. ఇంటికి వచ్చి దానిని చించివేశాము.

గాయము మానిన తరువాత జూన్‌లో ఆ ప్రక్కనే మరొక మర బిగించారు. దానికి మళ్ళీ డబ్బు తీసుకోలేదు. అక్టోబరుకు రెండూ నిలిచాయి. చిగురు మీద రెండు చిన్న గుబ్బలు పైకి కనబడతాయి. సెట్టు లోపల వాటికి తగిన గుంటలు ఉంటాయి. రవిక బొత్తాము పెట్టినట్టు ‘టప్’మని బిగుస్తుంది. రాత్రి వ్రేలితో ఎత్తితే వస్తుంది.

అయినా ఇవి దేవుడిచ్చిన పళ్ళు కావు. చెరకు ముక్క కొరకలేదు, ఎముక నమలలేదు. రాత్రి సెట్టు తీసి చన్నీళ్ళ గిన్నెలో ఉంచాలి. మెత్తని బ్రష్షుతో సెట్టును, గుబ్బల చుట్టూ చిగురును రోజూ శుభ్రము చేయాలి, లేకపోతే ఇంప్లాంటు చుట్టూ కూడా చిగుళ్ళ జబ్బు వస్తుంది. సెట్టు గుంటలలోని చిన్న నైలాను రింగులు అరిగిపోతాయి, అప్పుడప్పుడు మార్పించాలి. ఆరు నెలలకు ఒకసారి చూపించాలి. దవడకు రేడియేషను పెట్టించుకున్నవారు, ఎముకలు గట్టిపడుటకు మందులు, ఇంజెక్షన్లు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అంత ఖర్చు భరించలేనివారు నిరాశపడవద్దు. ప్రభుత్వ దంత వైద్య కళాశాలలలో తక్కువ ఖర్చుతో మంచి సెట్టు కట్టించుకోవచ్చు. సరిగా అమరిన మామూలు సెట్టుతో సుఖముగా ఉన్నవారు ఎందరో ఉన్నారు.

2024 క్రిస్మస్‌కు మా ఇంట అరిసెలు వండారు. అమ్మ మాతో కలిసి చాపమీద కూర్చొని, ఒక అరిసె చేతిలోకి తీసుకొని తుంచకుండా కొరికింది. షుగరుకు మంచిది కాదని చెప్పబోయి ఊరుకున్నాము. ఒక్కటే తిన్నది. ఆ ఉదయము ఆరాధనలో హార్మోనియము ఉన్నా, వాయించే అబ్బాయి అమ్మ వైపు చూచి ఆగాడు. అమ్మ కొంగు నోటికి అడ్డము పెట్టుకోలేదు.

గేటు 2025లో పెట్టించాము. మ్రొక్కుబడి తీరింది. దానిమీద ఎవరి పేరూ లేదు.

ప్రియులారా, మీ ఇంట కూడా ఒక అమ్మో, నాయనో, మామగారో “మీరు తినండి, నేను తరువాత తింటాను” అంటూ ఉండవచ్చు. ఆ మాటను మర్యాద అనుకొని దాటిపోకండి. ఈ రాత్రి భోజనమప్పుడు వారి ప్రక్కన కూర్చొని వారి కంచములోనికి ఒకసారి చూడండి. మేము చూచుటకు మాకు చాల ఏళ్ళు పట్టింది. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.