పుట్టుకా? పౌరసత్వమా?

మాతోపాటు ఇంజనీరింగు పట్టా పుచ్చుకొన్నవారిలో కొందరు ప్రభుత్వరంగ సంస్థలలో చేరగా, మరికొందరు అమెరికా వెళ్ళి అక్కడి పౌరసత్వం స్వీకరించారు. వారి బిడ్డలు అక్కడే జన్మించారు. ఆ బిడ్డలు పెద్దవారై ఆ దేశాధ్యక్ష పదవికి పోటీ చేయవచ్చును. తల్లిదండ్రులు మాత్రం ఎన్నడూ చేయజాలరు. మిత్రులు ఈ సంగతి నవ్వుతూనే చెబుతారు గాని, ఆ నవ్వు వెనుక ఏదో వెలితి మాకు స్ఫురిస్తూ ఉంటుంది.

1787లో రచించిన అమెరికా రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు జన్మతః ఆ దేశపౌరుడై, 35 ఏళ్ళు నిండి, 14 ఏళ్ళు అక్కడ నివసించి ఉండాలి. సేనాధిపత్యం పరదేశీయుల చేత చిక్కరాదన్న భయమే ఇందుకు మూలం. అప్పుడే పుట్టిన చిన్న రాజ్యానికి ఆ భయం సహజమే. అయితే రాజ్యాంగాన్ని ఆమోదించేనాటికే పౌరులైనవారికి మినహాయింపు నిచ్చారు. జర్మనీలో జన్మించిన హెన్రీ కిసింజర్ తరువాతి కాలంలో విదేశాంగ మంత్రి కాగలిగారు; అధ్యక్ష పదవికి మాత్రం అనర్హులే.

మన రాజ్యాంగం 58వ అధికరణం రాష్ట్రపతి అభ్యర్థిని ప్రధానంగా మూడే అడుగుతుంది: భారత పౌరసత్వం, 35 ఏళ్ళ వయస్సు, లోక్‌సభకు ఎన్నిక కాగల అర్హత. ఎక్కడ పుట్టావని అడగదు. దేశవిభజన చూసిన జాతికి ఆ ప్రశ్న ఎంత బాధాకరమో వేరుగా చెప్పనక్కరలేదు. 1997లో ప్రధాని అయిన ఐ.కె. గుజ్రాల్, 2004 నుండి పదేళ్ళు ప్రధానిగా ఉన్న మన్మోహన్ సింగ్ ఇరువురూ నేటి పాకిస్తాన్ భూభాగంలో జన్మించినవారే. ఢిల్లీలో పుట్టిన పర్వేజ్ ముషారఫ్ 2001లో పాకిస్తాన్ అధ్యక్షులయ్యారు. సరిహద్దులు మనుషుల పుట్టుకను అడిగి గీసినవి కావు కదా!

అలాగని మన చట్టం ఉదాసీనమైనది కాదు. పరదేశ పౌరసత్వం స్వచ్ఛందంగా స్వీకరిస్తే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు ఉన్నా రాష్ట్రపతి పదవికి అర్హత లేదు. కాని అయిదేళ్ళు ఓసీఐగా ఉండి, నిర్ణీతకాలం ఇక్కడ నివసించినవారు తిరిగి భారత పౌరసత్వం కోరవచ్చును. అది లభించి, పరదేశ పౌరసత్వాన్ని విడిచిన నాడు, పుట్టుక కారణంగా ఏ పదవీ వారికి నిషిద్ధం కాదు.

పుట్టుక మనం ఎన్నుకొన్నది కాదు. పౌరసత్వం ఎన్నుకొని నిలుపుకోగలిగినది. ఎన్నుకొన్నదానికే అర్హతలో స్థానమిచ్చిన మన రాజ్యాంగ నిర్మాతల దృష్టి విశాలమైనదని మా విశ్వాసం. అభ్యర్థి నిష్ఠను తూచే పని వారు ఎన్నుకొనేవారి వివేకానికే వదిలారు. ఆ వివేకాన్ని కాపాడుకోవలసిన బాధ్యత మనది.