చెప్పుకొనిన ఆపద పదిమందికి రక్ష

విమానము నేలగూలిననాడు ఆ వార్త దేశమంతటను మ్రోగును. పత్రికలలో పెద్ద యక్షరములు పడును. ఇరుగుపొరుగు అమ్మలక్కలు చేరి అయ్యో పాపమని కంటతడి పెట్టుదురు. పక్షము దినములు గడచునప్పటికి అందఱును మఱతురు. అయితే కూలని విమానములను గుఱించిన వార్తలు మఱికొన్ని కలవు. త్రుటిలో తప్పిన ఆపదలు, మూసివేసిన రన్‌వేలు, మాఱిన నియమములు, క్రమ్ముకొనుచున్న పొగమంచు, పక్షుల గుంపులు తిరుగు తావులు - వీనినిగూర్చి విమానచాలకులు తమలో తాము ప్రతిదినమును వార్తలు చదువుకొందురు. ఆ వార్తలు మన చెవిని పడవు; కాని విమానమెక్కిన మన బిడ్డల ప్రాణములు వానిమీదనే ఆధారపడియున్నవి. వానినిగూర్చి మాకు తెలిసిన నాలుగు మాటలు మీతో ముచ్చటింపదలచితిమి.

బడిపంతులుగారి యిల్లాలికి విమానముల ఊసేల యని మీలో కొందఱు నవ్వవచ్చును. మా ఆడుబిడ్డ కూతురు విమానచాలకురాలు. శంషాబాదు ఆమె బేసు. బేసనగా చాలకులు ఏ ఊరినుండి పనికి బయలుదేరి, పని ముగించుకొని మరల ఏ ఊరు చేరుదురో ఆ ఊరు. వేసవి సెలవులలో మేము ఆమె యింట కొన్నాళ్లుండుట తటస్థించినప్పుడు ఈ సంగతులు అడిగి తెలిసికొంటిమి. ఆడుది విమానము నడుపుట కలికాలపు వింత యనువారికి ఒక్క మాట. 1947లో వాణిజ్య విమానచాలకురాలిగ అనుమతిపత్రము పొందిన ప్రేమ్ మాథుర్ అను వనిత మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థలోనే ఉద్యోగించినది. కావున ఇది మన నేలకు క్రొత్త కాదు.

మా మేనకోడలు పనికి బోవుటకు ముందు ట్యాబు ముందిడుకొని కూర్చుండును. మొదట వాతావరణము, తరువాత నోటాములు. నోటామనగా దారిలోని విమానాశ్రయములలో నేడు ఏది చెడినది, ఏది మూయబడినది, ఎచ్చట క్రొత్తగా క్రేను నిలిపినారు అని చాలకులకు తెలుపు ప్రకటన. ఆపైని సంస్థవారి ఉత్తరువులు, విమానమును నడుపు పద్ధతిలో వచ్చిన మార్పులు, ఇతరులకు కలిగిన యనుభవములను తెలుపు క్షేమపత్రములు. “ఇన్ని చదువవలెనా తల్లీ!” యని మేము అబ్బురపడగా, “చదువుట కష్టము కాదత్తయ్యా! ఇన్నిటిలో నాకు కావలసినది ఏదో కనిపెట్టుటయే కష్టము” అని యామె బదులు చెప్పినది.

ఆ మాట ఎంత నిజమో 2017 జూలై 7వ తేదీ రాత్రి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో తేటపడినది. అచ్చట ప్రక్కప్రక్కనే రెండు రన్‌వేలు కలవు. ఆ రాత్రి అందొకదానిని మూసి దీపములార్పిరి. కెనడానుండి వచ్చుచున్న ఎయిర్ కెనడా విమానపు చాలకులు ఆ సంగతి గుర్తునకు రాక, వెలుగుచున్న ఒక్క రన్‌వేను ఎడమదిగ భావించి, దానికి కుడిప్రక్కనున్న బాటపై దిగబోయిరి. ఆ బాటపై నాలుగు విమానములు ప్రయాణికులతో నిండి బయలుదేరుటకు వరుసదీరియున్నవి! నేలకు సుమారు 60 అడుగుల యెత్తునకు వచ్చి, కడపటి క్షణమున మరల పైకి లేచిరి గాన ఘోరము తప్పినది. విచారణలో తేలినదేమనగా, రన్‌వే మూసిరన్న ప్రకటన చాలకుల చేతికిచ్చిన 27 పుటల పత్రములలో 8వ పుటయందున్నది. పెండ్లి సామానుల పట్టీ 27 పుటలు వ్రాసి, మంగళసూత్రముల మాటను 8వ పుటలో ఉప్పు చింతపండుల నడుమ ఇఱికించినచో, పురోహితులు అడుగు వేళకు ఎవరికి జ్ఞాపకముండును? హెచ్చరిక యిచ్చుట వేఱు. అది చదువువాని మనసున నాటునట్లు ఇచ్చుట వేఱు. ఆ విమానపు కెప్టెను అప్పటికి 19 గంటలకుపైగా మేలుకొనియుండెనన్న సంగతియు విచారణలో బయటపడినది. నిద్ర విషయము ముందు చెప్పెదము.

హెచ్చరిక అసలే చేరనినాడు ఏమగునో తెలుపు కథ యింకొకటి కలదు. 1974 డిసెంబరు 1వ తేదీన టి.డబ్ల్యు.ఏ. వారి 514వ నంబరు విమానము వాషింగ్టను సమీపమున దిగబోవుచు వర్జీనియాలోని కొండను ఢీకొనినది. అందున్న 92 మందియు మరణించిరి. దిగుటకు అనుమతి యిచ్చితిమని నేలపైనున్నవారు ఒక అర్థమున చెప్పిన మాటను, వెంటనే క్రిందికి దిగవచ్చునని చాలకులు మఱియొక అర్థమున గ్రహించిరి. ఇంతటితో ముగిసినచో ఇది విధివిలాసమని ఊరుకొందుము. కాని దానికి ఆఱు వారములకు పూర్వము యునైటెడ్ సంస్థవారి విమానమొకటి అదే తావున, అదే మాటను అట్లే అపార్థము చేసికొని, అదే కొండను త్రుటిలో తప్పించుకొన్నది. ఆ చాలకులు తమ సంస్థకు నివేదించిరి. ఆ సంస్థ తన చాలకులను హెచ్చరించినది. ఆ వార్త గోడ దాటి ప్రక్క సంస్థవారికి చేరలేదు. ఒక్క సంగతి ఒక యింటినుండి మఱియొక యింటికి నడువకపోవుటచేత 92 ప్రాణములు పోయినవి!

ఈ దుఃఖమునుండియే ఒక మంచి పద్ధతి పుట్టినది. చాలకులు తమకు తప్పిన ఆపదలను వ్రాసి పంపవలెనని అమెరికా విమానయాన శాఖవారు 1975లో కోరిరి. అయితే శిక్షించు అధికారము గలవారికే తన పొరపాటును వ్రాసియిచ్చుటకు ఎవరికి మనసొప్పును? అందుచేత 1976లో ఆ పనిని నాసా అను ఖగోళ పరిశోధన సంస్థకు అప్పగించిరి. నాసావారు శిక్షింపరు. జాబు చేరగానే వ్రాసినవారి పేరును, గుర్తులను తొలగించి, అందలి నీతిని మాత్రము నిలుపుదురు. 1979నుండి అట్టి యనుభవములను ‘కాల్‌బ్యాక్’ అను చిన్న మాసపత్రికగ వెలువరించుచు వచ్చిరి. ఇంతవరకు 10 లక్షలకుపైగా జాబులు చేరినవి. 1982లో ఇంగ్లండునందును ఇట్టి యేర్పాటు జరిగినది. బుద్ధిపూర్వకముగ చేసిన నేరములకు ఈ రక్షణ లేదు. మానవమాత్రులకు కలుగు పొరపాటునకే యిది వర్తించును.

పేరు దాచుట న్యాయమా యని మేము మొదట శంకించితిమి. మావారు ఒక దృష్టాంతముతో మా సంశయము తీర్చిరి. లెక్క తప్పినందుకు బెత్తము తీయు తరగతిలో పిల్లలు తప్పులు మానరు, దాచుట నేర్తురు. ప్రక్కవాని పలకను చూచి వ్రాయుదురు. తప్పు లెక్కను నల్లబల్లపై వేసి, చేసినవాని పేరు చెప్పక, ఎచ్చట జాఱితిమో అందఱును చూడుడని విప్పి చెప్పిన తరగతిలో ఒక్కని తప్పు నలువదిమందికి విద్య యగునట. ఇంతకంటె వివరణ మాకు అక్కఱలేకపోయినది.

ఇక నిద్ర విషయము. 2010 మే 22వ తేదీన దుబాయినుండి మంగుళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము కొండపై చదును చేసిన రన్‌వేను దాటి లోయలో పడినది. 166 మందిలో 158 మంది మరణించిరి. 8 మంది మాత్రమే బ్రతికిరి. తెల్లవారుజామున దిగుటకు ముందు కెప్టెను చాలసేపు నిద్రించెననియు, మేల్కొన్న పిమ్మట ఆ మత్తు పూర్తిగ వీడనందున ఆయన వివేచన మందగించియుండవచ్చుననియు విచారణ సంఘము తెలిపినది. దిగవలదు, మరల పైకి లేవుమని కో-పైలట్ మూడుమారులు చెప్పినను ఫలము లేకపోయెను. 17 గంటలు నిద్రలేకున్నవాని నేర్పు, రక్తమున 0.05 శాతము మద్యమున్నవాని నేర్పువలె దిగజాఱునని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి. త్రాగినవాని చేతికి ఎద్దుబండి పగ్గమైన నియ్యము. నిద్రలేనివాని చేతికి రెండువందల ప్రాణములు ఇయ్యవచ్చునా?

మన స్త్రీలు పాటగ పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర కథ మీకు తెలియనిది కాదు. లక్ష్మణుడు వనవాసమున పదునాలుగేండ్లు రెప్పవేయక కావలి కాయుటకై, ఆయన నిద్రను కూడ ఊర్మిళ తాను నిద్రించినది. నేటి చాలకులకు అట్టి ఊర్మిళ లేదు. వారి నిద్ర వారే నిద్రింపవలెను. అందుచేతనే నియమములు పుట్టినవి. 2024 జనవరిలో మన దేశపు విమానయాన డైరెక్టరేటువారు చాలకుల వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచిరి. రాత్రి పని యను కాలమును ఉదయము 5 గంటలకు బదులు 6 గంటలవరకు లెక్కించిరి. రాత్రివేళ విమానమును దించు సంఖ్యను ఆఱునుండి రెండునకు తగ్గించిరి. ఇవి 2025లో జూలైయందును, నవంబరునందును రెండు విడతలుగ అమలునకు వచ్చినవి. ఆ డిసెంబరులో దేశమందలి పెద్ద సంస్థకు చాలినంతమంది చాలకులు సమకూడక వేలకొలది విమానములు రద్దయినవి. పెండ్లిండ్లకు పోవువారు, పరీక్షలకు పోవువారు నానా యగచాట్లు పడిరి. ప్రభుత్వమువారు ఆ సంస్థకు కొన్ని నియమములను తాత్కాలికముగ సడలించిరి. ప్రయాణికుల కష్టము నిజమే. అయినను విశ్రాంతియే ఈ కష్టమునకు మూలమనుట, అన్నము వండక కూర్చుండి ఆకలిని నిందించుటవంటిదని మాకు తోచినది. నియమము వచ్చునని ఎఱిగినవారు ముందుగ మనుష్యులను సమకూర్చుకొనవలదా?

నియమము కాగితముపై నున్నంతమాత్రమున నిద్ర కన్నులకు రాదు. అది యింటిలో రావలెను. ఇచ్చటనే మన ప్రసక్తి వచ్చుచున్నది. ఒక సంక్రాంతికి మా మేనకోడలి అత్తవారింట చుట్టములు నిండిరి. ఆమె రాత్రి పదిగంటలకు పనికి బోవలెను. పగలు నిద్రింపదలచి గదిలోనికి పోయినది. పిల్లల కేకలు, కుక్కరు కూతలు, “కోడలేది?” యని వచ్చినవారి పరామర్శలు - కన్ను మూతపడలేదు. సాయంకాలము ఆమె సంస్థకు ఫోనుచేసి, నిద్ర చాలలేదు, నేడు విమానము నడుపలేనని చెప్పినది. అత్తగారికి గుండె జాఱినది. “ఇంత జీతమిచ్చువారు ఊరకుందురా వదినగారూ? ఒంట్లో జ్వరము లేదు, నొప్పి లేదు. నిద్ర రాలేదని చెప్పుటకు సిగ్గుగాదా!” యని మాతో వాపోయినది. ఆమెయందు దోషము లేదు. బిడ్డ ఉద్యోగమునుగూర్చి భయపడినది. మేము మంగుళూరు సంగతి చెప్పి, “ఆనాటి విమానములో మన చుట్టములున్నచో, ఆ కెప్టెను ఇల్లు కదలకముందే అలసితినని చెప్పియుండిన బాగుండునని మనము దేవునికి మ్రొక్కమా వదినగారూ? ఈ పిల్ల నేడు ఆ మాటే చెప్పినది” అంటిమి. ఆమె చాలసేపు మాటాడలేదు.

మేడిపండువంటి ధైర్యముతో విమానమెక్కుట సులభము. నావలన కాదని సకాలమున చెప్పుటకే నిజమైన ధైర్యము కావలెను. ఆ రాత్రి ఆమెకు బదులు వేఱొకరు విమానము నడిపిరి. కొన్నాళ్లు ఆమె మనసు బితుకుబితుకుమన్నమాట నిజమే. సంస్థవారు కారణము వ్రాసియిమ్మని అడిగిరి, ఆమె దాచక వ్రాసియిచ్చినది. ఉద్యోగమునకు భంగము కలుగలేదు. అంతకంటె మాకు సంతోషము కలిగించినది మఱొకటి. ఇప్పుడు ఆ యింట రోస్టరు వంటయింటి తలుపునకు అంటించియుండును. కోడలు రాత్రి పనికి బోవునాడు అత్తగారే పగటివేళ కాలింగు బెల్లు తీగ ఊడదీయించి, వచ్చినవారిని వసారాలోనే కూర్చుండబెట్టుచున్నది. కుక్కరు కూత వినబడనిదే పప్పు ఉడుకునా యని సందేహించిన యామె, ఆ దినములలో గిన్నెలోనే పప్పు వండుచున్నది.

సోదరీమణులారా! విమానచాలకులు మన యిండ్లలో అరుదు కావచ్చును. రాత్రి బస్సు నడుపు అన్నలు, రైలు నడుపు తమ్ములు, ఆసుపత్రిలో రాత్రి కావలి యుండు నర్సు చెల్లెండ్రు అరుదు కారు. పగటివేళ వారు పండుకొన్నచో సోమరులని ఎంచకుడు. కోడలైనచో ఆ నిద్రను వంటపనికి బలి చేయకుడు. చాలకులకు విశ్రాంతి చాలక విమానము ఆలస్యమైనదని విన్నచో, విసుగుకొనక మన బిడ్డలు క్షేమముగ చేరుదురని తలపుడు.

మఱియొకటి. గ్యాసు గొట్టము చీలి వాసనపట్టి పొయ్యి ఆర్పిన సంగతి, పసివాడు నీళ్ల తొట్టివద్ద జాఱబోగా పట్టుకొన్న సంగతి - ఇట్టివి మనము పరువునకు వెఱచి కడుపులోనే దాచుకొందుము. దాచుకొనిన ఆపద ప్రక్కయింటికి పోయి తలుపు తట్టును. చెప్పినవారిని నిందింపక, పేరెత్తి నవ్వక, విన్న నీతిని నలుగురికి పంచినచో ప్రతి వీధికిని ఒక క్షేమపత్రము ఏర్పడినట్లే. దానికి కాగితము వలదు, అచ్చు వలదు. చెప్పుకొను నోరును, ఎగతాళి చేయని చెవియు ఉన్న చాలును.