చుక్కల టీవీ - గొడుగు టీవీ

మన గోడపత్రికలో పండుగల గురించి, విహారయాత్రల గురించి చాలామంది రాశారు. నేను మా ఇంటి మీది గొడుగు గురించి రాస్తున్నాను. వానకు పట్టేది కాదు, టీవీ గొడుగు.

మాది అచ్చంపేట దిక్కు చిన్న తండా. 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు నేను ఐదో తరగతి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వస్తాయని సారు ఫోన్ చేసి చెప్పిండు. మా ఇంట్లో ఉన్నది డబ్బా టీవీ, కట్టెకు కట్టిన ఆంటెన్నా. ఇదివరకు అన్న మీదికెక్కి తిప్పుతుంటే "వచ్చింది... పోయింది... ఆగు!" అని నేను కింద నుంచి అరిచేదాన్ని. చుక్కల నడుమ సగం బొమ్మైనా కనబడేది. తర్వాత అదీ పోయి చుక్కలే మిగిలాయి.

ఎందుకని సారును అడిగిన. పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ విడతలవారీగా మూసేస్తున్నదట. (2022 మార్చి నాటికి దాదాపు 50 తప్ప అన్నీ మూస్తామని 2021లో ప్రకటించారు కూడా.) కొత్తది డిజిటల్. బొమ్మను, మాటను అంకెలుగా మార్చి పంపుతారు. పాత టీవీకి ఆ అంకెలు తెలియవు. నడుమ ఒక బాక్స్ పెడితే చాలు, టీవీని పారేసే పని లేదు.

బాపు అంగడిలో మేకపిల్లను అమ్మి ఫ్రీ డిష్ గొడుగు, బాక్స్ తెచ్చిండు. "నెలనెలా పైసలు అడుగరు గద?" అని యాడి మూడుసార్లు అడిగింది. అడుగరు.

దాదా మాత్రం నమ్మలేదు. 1975 ఆగస్టులో మన మహబూబ్‌నగర్ జిల్లా ఊర్లలో కూడా ప్రభుత్వం టీవీలు పెట్టింది. ఆరు రాష్ట్రాల్లో 2400 ఊర్లు. అమెరికా ఉపగ్రహం, జాలి గొడుగులు. దాదా పక్క ఊరికి నడిచిపోయి చూసేవాడట. 1976 జూలైతో ఉపగ్రహం గడువు తీరింది. "ఏడాది చూపించి గుంజుకున్నరు బిడ్డా, ఇది ఎన్నాళ్లుంటదో" అన్నడు.

ఆగస్టు 31 సాయంత్రం అన్న గొడుగును ఆగ్నేయ మూలకు తిప్పిండు. ఎంతసేపు తిప్పినా ఏమీ లేదు. చుక్కలు కూడా లేవు. ఒక్కసారిగా బొమ్మ అద్దంలా వచ్చింది! అప్పుడు నాకు తెలిసింది. పాతదాంట్లో సగమైనా వచ్చేది. కొత్తదాంట్లో వస్తే మొత్తం వస్తుంది, లేకుంటే ఏమీ రాదు.

తెల్లారి మా వాకిట్లో పదకొండు మంది పిల్లలం మూతికి దస్తీలు కట్టుకొని కూర్చున్నం.

వాగు అవతల నా దోస్తు ఉండె. వాళ్లదీ డబ్బా టీవీయే. వాళ్లకు అమ్మడానికి మేక లేదు. కొన్నాళ్లు వాగు దాటి మా ఇంటికి వచ్చింది. వానలకు వాగు పొంగినంక రాలేదు. తర్వాత పత్తి ఏరబోయింది. బడి తెరిచినా రాలేదు.

గొడుగు ఇప్పటికీ మా ఇంటి మీద ఉన్నది. దాదా భయపడ్డట్టు ఎవరూ గుంజుకోలేదు. కానీ దాన్ని చూసినప్పుడల్లా నాకు నా దోస్తే యాదికొస్తది. పాతది బంద్ చేసేముందు ఎవరింట్లో కొత్తది లేదో ఒక్కసారి చూస్తే, ఆమె ఈరోజు నా పక్క బెంచీలో ఉండేది.

- పదో తరగతి విద్యార్థిని