పాత ఫిల్ముల్లో చెరువు హద్దులు

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు 1960లలో ఎంతమేర ఉండేవో చూడాలంటే అమెరికా కరోనా గూఢచారి ఉపగ్రహాల ఫొటోలు మంచి ఆధారం. 1960–72 మధ్య తీసిన ఆ ఫిల్ములను 1995లో బయటపెట్టారు. అమెరికా భూగర్భ సర్వే వారి ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్‌లో మ్యాప్‌పై చోటు గుర్తించి, డీక్లాసిఫైడ్ విభాగంలో వెతకాలి. ఇదివరకే స్కానైన ఫ్రేములు ఉచితం. లేకుంటే ఫ్రేముకు 30 డాలర్లు. ఆ డబ్బు వృథా కాదు, ఆపై ఆ స్కాన్ అందరికీ అందుతుంది.

డబ్బు కట్టేముందు ప్రివ్యూలో మబ్బులు చూసుకోవాలి. తేదీ అంతకన్నా ముఖ్యం: మే నెల ఫొటోలో చెరువు కుంచించుకుపోయి కనిపిస్తుంది, ఆక్రమణల వాదనలో అది ఊరికే నష్టం చేస్తుంది. వానాకాలం వెళ్లాక తీసినది కూడా తీసుకోవాలి. ఫ్రేము అంచుల్లో చిత్రం సాగి ఉంటుంది కనుక కట్ట, గుడి వంటి కదలని గుర్తులతో ఇప్పటి మ్యాప్‌కు సరిపెట్టాకే హద్దు గీయాలి.