నా చిటికెన వేలు

మా బ్యాండ్‌లో నేను వాయించేది బేస్ అని చెప్తే ఊళ్ళో అందరూ అడిగేది ఒకటే. "గిటారేగా?" కాదండీ. చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ తీగలు ఆరు కాదు, నాలుగే. లావుపాటివి. మెడ పొడుగు. కొందరైతే హోమ్ థియేటర్లో పెంచుతారే, ఆ బేస్ అనుకుంటారు. అది కొంచెం నయం, కనీసం దగ్గరికొచ్చారు. ఇళయరాజా పాట ఏదైనా మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గొంతు కింద, వయొలిన్ల కింద ఇంకో పాట తన దారిన తను నడుస్తూ ఉంటుంది. అదీ బేస్. ఉన్నంతసేపు ఎవరూ పట్టించుకోరు. ఆపేస్తే మాత్రం ఏదో పోయిందని అందరికీ తెలుస్తుంది.

ఈ వ్యాసం ఆ వాద్యం గురించి కాదు. దాన్ని వాయించే నా ఎడమచేతి చిటికెన వేలు గురించి. ఇంకా నిజం చెప్పాలంటే, మూడు నెలలు నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక భయం గురించి.

థర్డ్ ఇయర్ మొదలైన జులైలో వచ్చింది నొప్పి. ముందు ప్రాక్టీస్ అయ్యాక మాత్రమే, చిటికెన వేలి మధ్య కణుపు దగ్గర సన్నగా సలపరం. ఆగస్టుకి ఉంగరపు వేలికి కూడా పాకింది. తర్వాత ప్రాక్టీస్ లేని రోజుల్లో కూడా. హాస్టల్లో బకెట్ ఎత్తితే నొప్పి, వాటర్ బాటిల్ మూత తిప్పితే నొప్పి. జడ వేసుకునేటప్పుడు మూడో పాయ పట్టుకోలేక రబ్బరు బ్యాండు పెట్టేసుకుని క్లాసుకి వెళ్ళేదాన్ని. మా రూమ్మేట్ "ఏంటే, కొత్త స్టైలా" అంది. అవునన్నాను.

బ్యాండ్ వాళ్ళకి ఒకసారి సూచాయగా చెప్పి చూశాను. "లైట్ తీసుకోవే, వాయించగా వాయించగా వేళ్ళు గట్టిపడతాయి" అన్నాడు డ్రమ్మర్. వేలి కొసల చర్మం గట్టిపడుతుంది, నిజమే. నాకూ కాయలు కాశాయి. కానీ కీలు కాయ కాయదు కదా. ఇంకొకడు జాంగో రైన్‌హార్ట్ గురించి పంపాడు. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు దెబ్బతిన్నా, మిగతా వాటితోనే ప్రపంచం మెచ్చే గిటారిస్టు అయిన మనిషి. గొప్పవాడే. ఆ రాత్రి నాకు కావాల్సింది మాత్రం స్ఫూర్తి కాదు, నా చిటికెన వేలు.

నొప్పి అంత పెద్దదేం కాదు. భయం పెద్దది. దానికి కారణం మా అమ్మ.

మా అమ్మ రేపల్లెలో జాకెట్లు కుడుతుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమెకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. మా వీధిలో కీళ్ళవాతం అంటారు. మొదట్లో మాకు అర్థం కాలేదు. పొద్దున్నే గ్యాస్ స్టవ్ తిప్పడానికి నన్ను నిద్ర లేపేది. బద్ధకం అనుకుని విసుక్కునేదాన్ని. తర్వాత ఉంగరం పట్టక, తీసి దేవుడి దగ్గర పెట్టింది. మళ్ళీ పెట్టుకోలేదు. వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర ఒకటి ఉంది, ఆదివారం మాత్ర అంటాం ఇంట్లో. అది పని చెయ్యడం మొదలయ్యాకే మళ్ళీ మిషన్ ఎక్కింది.

ఆ జబ్బు ఆడవాళ్ళకి ఎక్కువ, అమ్మకి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. ఇవి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ఫోన్లో అవే చదివేదాన్ని. "చాలామందికి రాదు" అన్న వాక్యం కూడా ఆ పక్కనే ఉండేది, కానీ రాత్రి రెండింటికి ఆ వాక్యం కంటికి ఆనదు. అమ్మకి ఎందుకు చెప్పలేదంటే, చెప్తే "నా వల్లే" అనుకుంటుంది. డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే, వెళ్తే పేరు పెడతారు. పేరు పెట్టనంతకాలం అది ప్రాక్టీస్ నొప్పే. అందుకని స్ప్రే కొట్టుకుని, స్పాంజి బంతి పిసుకుతూ "బలం పెంచుకుంటున్నా" అనుకుని, రోజుకి రెండు గంటలు వాయించాను. ఆ బంతి ఒక తెలివితక్కువ పని. అలిసిపోయిన వేలికి ఓవర్‌టైమ్ వేసినట్టు.

దసరా సెలవులకి ఇంటికెళ్ళాను. రెండో రోజు పొద్దున అమ్మ కాఫీ ఇచ్చింది. తాగుతున్నాను. ఆమె ఏదో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయింది.

"ఎన్నాళ్ళనించి?"

"ఏంటమ్మా?"

"గ్లాసు అట్లా పట్టుకోవడం."

చూసుకుంటే, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఉన్నాను గ్లాసు, వేళ్ళు తగలకుండా. అచ్చం అమ్మ పట్టుకున్నట్టు. ఆమె నా ఎడమచెయ్యి లాక్కుని ఒక్కో కణుపూ నొక్కి చూసింది.

"పొద్దున లేచాక బిగుసుకుని ఉంటాయా?"

"కొంచెం."

"ఎంతసేపు? నాకు మొదట్లో గంటన్నర పట్టేది. నీకు?"

"అయిదు నిమిషాలేమో."

"రెండు చేతులా?"

"ఎడమదొక్కటే."

అమ్మ ఊపిరి వదిలింది. నేను మూడు నెలలు ఇంటర్నెట్లో వెతికినదాన్ని ఆమె నాలుగు ప్రశ్నల్లో తేల్చేసింది. "అయినా చూపిద్దాం. చెప్పకుండా ఎందుకు దాచావే?" అంది. నేనేం మాట్లాడలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు. అర్థమయ్యే ఉంటుంది.

గుంటూరులో డాక్టర్ గారు కూడా దాదాపు అవే ప్రశ్నలు అడిగారు. ఈయస్సార్, సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రాశారు. తర్వాత ఒక విచిత్రమైన పని చేశారు. బొటనవేలిని ముంజేతికి ఆనించమన్నారు. ఆనింది. చిటికెన వేలిని వెనక్కి వంచారు, 90 డిగ్రీలు దాటి వెళ్ళింది. మోచేతులు చూశారు, మోకాళ్ళు చూశారు, వంగి అరచేతులు నేలకి ఆనించమన్నారు. దీన్ని బైటన్ స్కోరు అంటారట, మొత్తం 9 మార్కులు. నాకు 6 వచ్చాయి. ఏ ఇంటర్నల్లోనూ ఇంత సులువుగా అంత శాతం రాలేదు.

చిన్నప్పుడు స్కూల్లో వేళ్ళు వెనక్కి వంచి చూపించి చాక్లెట్లు గెలిచేదాన్ని. అదే ఇప్పుడు సమస్య. నా కీళ్ళని పట్టి ఉంచే లిగమెంట్లు కొంచెం వదులు. లావుపాటి తీగని నొక్కినప్పుడు చిటికెన వేలి కొస కణుపు లోపలికి కూలిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి మధ్య కణుపు, చుట్టూ ఉన్న చిన్న కండరాలు రెట్టింపు పని చేస్తాయి. రిపోర్టులు అన్నీ నార్మల్ వచ్చాయి. "ఇప్పటికి అది కాదు. రేపు రెండు చేతులకీ వాపు వచ్చినా, పొద్దున బిగువు అరగంట దాటినా రా, దాచకు" అన్నారాయన. జీవితాంతానికి గ్యారంటీ ఏమీ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నమ్మేదాన్ని కాదేమో.

తిరిగొస్తూ ఆటోలో ఏడ్చేశాను. అమ్మ ఏడవలేదు. బస్టాండుకి అరవై ఎక్కువని ఆటో అతనితో బేరమాడింది.

ఇక్కణ్ణించి కథ ఇంజనీరింగ్. ఫిజియోథెరపిస్ట్ గారు మొదట చెప్పింది రెండు వారాలు వాయించొద్దని, తర్వాత పది నిమిషాలతో మొదలుపెట్టమని. రెండోది, "నువ్వు వాయించేటప్పుడు వీడియో తీసుకుని చూడు." చూశాను. స్టైల్ కోసం స్ట్రాప్ కిందికి వేలాడేసి ఉన్నాను, మణికట్టు విరిగిన కొమ్మలా వంగి ఉంది. బొటనవేలు మెడ వెనక శత్రువుని నొక్కినట్టు నొక్కుతోంది. స్ట్రాప్ పైకి లాగాను. అంకుల్‌లా ఉన్నావన్నారు మావాళ్ళు. ఉండనీ.

తర్వాత స్కేలు పట్టుకుని కూర్చున్నాను. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు పెట్టిన 34 అంగుళాల తీగ పొడవే ఇప్పటికీ ఎక్కువ బేస్‌లకి ఉంటుంది. నా చెయ్యి కొలిచి పెట్టలేదు ఆయన. మామూలు గిటార్ మీద నట్టు నుంచి మొదటి ఫ్రెట్టుకి దాదాపు 36 మిల్లీమీటర్లు ఉంటే, దీని మీద 48. ఫ్రెట్టుకో వేలు చొప్పున వాయించాలని నేర్చుకున్నాను నేను. అంటే మొదటి ఫ్రెట్టు నుంచి నాలుగో ఫ్రెట్టు దాకా 13 సెంటీమీటర్లు. నా చూపుడు వేలు నుంచి చిటికెన వేలు దాకా మొత్తం సాగదీస్తే 14. ఇక మిగిలేది ఒక సెంటీమీటరు. రోజూ ఆ అంచు మీదే ఉన్నానన్నమాట.

దీనికి పాత జవాబు ఒకటి ఉంది. వియన్నాలో ఫ్రాంజ్ సిమాండల్ అనే ఆయన 19వ శతాబ్దంలో డబుల్ బేస్ పాఠాలు రాశాడు. కింది స్థాయిలో ఉంగరపు వేలిని విడిగా వాడడు. చిటికెన వేలు నొక్కేటప్పుడు అది పక్కన తోడుంటుంది. నాలుగు ఫ్రెట్లు కాదు, మూడే. మిగతాదానికి చెయ్యి జరపాలి. మొదట నత్తలా అనిపించింది, నెలకి అలవాటైంది. చిటికెన వేలు ఒంటరిగా మొయ్యాల్సిన పని సగం తగ్గింది.

నా బేస్ ఒక సీనియర్ దగ్గర తొమ్మిది వేలకి కొన్న సెకండ్ హ్యాండ్‌ది. పన్నెండో ఫ్రెట్టు దగ్గర తీగ ఎత్తు కొలిస్తే 4 మిల్లీమీటర్లు ఉంది. అలెన్ కీ తెచ్చి బ్రిడ్జి దగ్గర దింపి 2.5కి తెచ్చాను. ఇంకో సంగతి, ఇంటర్‌లో సోనోమీటర్ గుర్తుందా? ఫ్రీక్వెన్సీ, బిగువు వర్గమూలానికి అనులోమంగా ఉంటుందని రికార్డులో రాసి మర్చిపోయాం కదా. దాని ప్రకారం అర స్వరం శ్రుతి దించితే తీగ బిగువు 11 శాతం తగ్గుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. బ్యాండ్ అంతా దించాలి గానీ. లీడ్ గిటార్ గొణిగాడు. కీబోర్డ్ వాడికి ఒక బటన్ నొక్కితే అయిపోయింది. పై స్థాయిలో ఎప్పుడూ కీచుమనే మా సింగర్ మాత్రం "నీ వేలు చల్లగుండాలి" అన్నాడు.

ఇవన్నీ చేసినా ఏడు పాటల సెట్ మొత్తం వాయించలేనని డిసెంబర్‌కి అర్థమైంది. నాలుగు పాటలు హాయిగా, అయిదోది పళ్ళు బిగించి, ఆ తర్వాత మర్నాడు జడ ఉండదు. ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ కుట్టడం చూస్తూ కూర్చున్నాను. చేతులు అతికించి, గుడ్డ పక్కన పెట్టి లేచిపోయింది. నొప్పా అంటే కాదంది. "నొప్పి వచ్చాక లేస్తే ఆ రోజంతా పోద్ది. రాకముందే లేవాలి." సాయంత్రం పక్కింటి అమ్మాయి వచ్చి కుట్టిన జాకెట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళింది. హుక్కులు, కాజాలు ఆ అమ్మాయి వేస్తుంది, జాకెట్‌కి ఇంత అని. ఆరేళ్ళుగా చూస్తున్నాను అది. మా అమ్మ కాజాలు ఎంత సన్నగా వేసేదో నాకు గుర్తుంది.

"బాధ అనిపించలేదా, ఇచ్చేటప్పుడు?" అని అడిగాను.

"ఎందుకనిపించదు? ఆ పిల్ల మొదట్లో ఎంత వంకరగా వేసేదో. అయినా కటింగ్ నాదేగా."

కాలేజీకి వచ్చి సెకండ్ ఇయర్ కుర్రాడికి మూడు పాటలు ఇచ్చాను. "అక్కా, నేనా?" అని రెండుసార్లు అడిగాడు. రెండు నెలలు కూర్చోబెట్టి నేర్పాను. ఫిబ్రవరిలో ఫెస్ట్ రోజు నాలుగు పాటలు నేను వాయించి, స్టేజి పక్కకి దిగి వాడికి స్ట్రాప్ వేశాను. ఆఖరి పాటలో చిన్న సోలో ఒకటి ఉంది, నేను కూర్చినదే. వాడు బాగా వాయించాడు. జనం అరిచారు. నాకు కడుపులో కొంచెం మంట పుట్టింది, అబద్ధం ఎందుకు. మర్నాడు పొద్దున జడ వేసుకున్నాను.

ఫెస్ట్ వీడియో అమ్మకి పంపితే, "బాగుంది, నీదేది వినపడలేదు" అంది. తప్పు ఆమెది కాదు. నా లావు తీగ మోగేది సెకనుకి 41 కంపనాల దగ్గర, శ్రుతి దించాక 39. ఫోన్ స్పీకర్‌కి అంత కింది శబ్దం పలికే శక్తి లేదు. అంటే రెండేళ్ళుగా నేను పంపిన వీడియోలన్నిట్లో మా అమ్మ నన్ను తప్ప అందర్నీ విన్నది.

ఉగాదికి బేస్ మోసుకుని వెళ్ళాను. రేపల్లె ప్యాసింజర్‌లో దాన్ని చూసి ఒకాయన సితారా అని అడిగాడు. ఇంట్లో ఆంప్లిఫయర్ లేదు. ఆంప్లిఫయర్ లేని బేస్ దోమంత మోగుతుంది. సోనోమీటర్ పెట్టె మీద ట్యూనింగ్ ఫోర్క్ ఆనించడం గుర్తొచ్చి, కుట్టుమిషన్ పక్కన కుర్చీ వేసుకుని, బేస్ తల భాగాన్ని మిషన్ చెక్కబల్లకి ఆనించి లావు తీగ మీటాను. బల్ల మొత్తం గుమ్మంది. దాని మీదున్న గుండీల డబ్బా గలగలలాడింది.

అమ్మ రెండు అరచేతులూ బల్ల మీద పరిచింది. "ఇదా నువ్వు?" అంది.

ఇదే అన్నాను. ఫెస్ట్‌లో వాయించిన నాలుగు పాటలూ వరసగా వాయించాను. రెండోసారి మొదలుపెట్టబోతుంటే ఆమె గోడ గడియారం వైపు చూసింది.

"ఇరవై నిమిషాలయింది. లే."