ఆశకు పరిచర్య: కోళిక్కోడు పర్యటన

నయముకాని వ్యాధులతో తుదిదినములు గడుపువారి బాధను ఉపశమింపజేయుటకై డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ ప్రభృతులు 1993లో కోళిక్కోడున నెలకొల్పిన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని గూర్చి చిరకాలముగా వినుచుంటిని గాని, అట్టి సేవలో నర్సు నిత్యము చేయు పనియేమో, ఆ ప్రాంతపు గృహసేవా వ్యాను వెంట పోయి చూచుదాక నాకు బోధపడలేదు.

వ్యానులో నర్సుతోబాటు ఒక విశ్రాంతోపాధ్యాయుడును, ఒక చేపల వర్తకుడును ఉండిరి. ఊరివారే చందాలు వేసికొని, శిక్షణ పొంది, ఇరుగుపొరుగు రోగులను కనిపెట్టి చూచుకొను పద్ధతి 2001 నుండియు మలబారు ప్రాంతమున వేళ్ళూనినది. మలయాళమెరుగని నాకు ఉపాధ్యాయుడే దుబాసి యయ్యెను.

బేపూరులో, ఒకనాడు ఉరువులనెడి పెద్ద కొయ్యఓడలను కట్టిన వృద్ధ వడ్రంగి యొకడు దవడ కాన్సరుతో మంచము పట్టియుండెను. నర్సు ధైర్యవచనమొక్కటియు పలుకక, పుండును ఉప్పునీటితో కడిగి, దుర్వాసన పోవుటకు మెట్రోనిడజోల్ మాత్రను నలిపి చల్లి కట్టుకట్టెను. 1985 నాటి మాదకద్రవ్య చట్టపు కాఠిన్యముచే ఆసుపత్రులకే దుర్లభమై, 2014 సవరణతో కొంత సులభమైన మార్ఫిన్‌ను నాలుగుగంటల కొకమారు తప్పక వేయవలెనని కోడలికి నేర్పెను. అటుపిమ్మట మంచముకడ కూర్చుండి, "బాబాయీ, ఏమి చేయవలెనని ఉన్నది?" అని అడిగెను. చాలియార్ ఒడ్డున ఓడ కట్టుచుండగా ఇంకొకమారు చూడవలెనని ఆ వృద్ధుడు తడబడుచు చెప్పెను. శుక్రవారము ఆటో తెచ్చెదనని వర్తకుడు వెంటనే ఒప్పుకొనెను; బయలుదేరుటకు ముందు మందు ఏ వేళకు వేయవలెనో నర్సు కాగితముపై వ్రాసియిచ్చెను.

వాకిట కోడలు, "జబ్బు తగ్గునా?" అని అడుగగా, "జబ్బు తగ్గదమ్మా, నొప్పి తగ్గింతుము, రాకమాత్రము మానము" అనెను.

నర్సుగా జీవితమారంభించి, పిదప వైద్యురాలై, 1967లో లండనున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్, మరణాసన్నుని వేదన దేహమునకే పరిమితము కాదని, మనస్సును, సంసారమును, ఆత్మను గూడ చుట్టుకొనునని బోధించెను. ఆ వేదనలో దేహభాగము శమించినగాని రోగి దేనినైనను కోరుకొనజాలడు. కనుకనే ఆశకు తొలి పరిచర్య కట్టు మార్చుటయందే జరుగుచున్నది. "ఇక చేయగలిగినది లేద"ను మాట ఆశను నేడే చంపును. "తప్పక నయమగు"నను అసత్యము రేపు చంపును. దూరపు ఆరోగ్యమును చూపి ఊరించుటకంటె శుక్రవారమునాటి ఏటిగట్టును చూపుట మేలని ఆ నర్సు ఎరుగును.

కేరళ ప్రభుత్వము 2008లోనే ఉపశమన సేవావిధానమును ప్రకటించెను. మన తెలుగు పల్లెలలోను అట్టి నర్సులు పనిచేయవలెను. వారి వెంట నడుచుటకు పాఠకులు వారమున కొక పూటయైన కేటాయింపవలెనని నా మనవి.