ఇరవయ్యొకటో రోజు

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. పెళ్లీడుకొస్తున్న కూతుర్ని పెట్టుకుని ఇవేం రాతలు అంటారేమోనని జంకు. చివరికి మా ఆయనే "రాయి, ఎవరికో ఒకరికి పనికొస్తుంది" అన్నారు.

నాకు నలభై మూడేళ్లు. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పప్పుడు రక్తం తక్కువగా ఉండి ఆపరేషన్ వాయిదా పడింది. తర్వాత కాపర్ టీ వేయించుకున్నాను. పదేళ్లు నిండాయని పోయిన ఏడాది తీయించేశాను. ముట్లుడిగే వయసొస్తోంది, ఇంకెందుకులే అని మళ్లీ వేయించుకోలేదు. నిరోధ్‌తో నెట్టుకొస్తున్నాం. ఒక రాత్రి అది చిరిగింది.

పొద్దున్నే ఆయన్ని మెడికల్ షాపుకు పంపాను. అరగంటకు తలనొప్పి మాత్రలు పట్టుకుని వచ్చారు. షాపులో మా చిన్నమామ నిలబడి ఉన్నాడట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మధ్యాహ్నం నేనే కూరగాయల సంచి తీసుకుని, మా వీధివాళ్లు వెళ్లని షాపు చూసుకుని వెళ్లాను. ఆ మాత్రకు డాక్టరు చీటీ అక్కర్లేదు. లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒకటే మాత్ర. 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. ఇంటికొచ్చి నీళ్లతో మింగేశాను. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. మనసు ఊరుకోదు కదా. ఎనిమిదో రోజు పరీక్ష కిట్టు తెచ్చుకుని, తెల్లారకముందే బాత్రూంలో చూసుకున్నాను. ఒకటే గీత. ఆ రోజు ఉగ్గాని, బజ్జీ చేశాను. ఎందుకో ఆయనకు ఒక్కరికే తెలుసు.

తర్వాత నెలసరి తేదీ వచ్చింది, వెళ్లింది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. మా అత్త కళ్లు కప్పలేం. "ఏమ్మే, ఈ నెల దేవుని గూట్లో దీపం రోజూ నువ్వే పెడతాండావే?" అంది. చేతిలో అగ్గిపుల్ల అట్లే కాలిపోయింది.

ఇరవై ఏళ్ల కిందట, నా కూతురు కడుపులో పడిందని తెలిసిన రోజు ఇదే అత్త నోట్లో చక్కెర పోసింది. అప్పుడు రెండో గీత కోసం ఎంత మొక్కుకున్నానో, ఇప్పుడు అది రాకూడదని అంతా మొక్కుకుంటున్నాను. పుట్టిన పిల్లల మీద ప్రేమ తక్కువై కాదు. ఈ ఒంటితో ఇంకో కాన్పు మోయలేను, అంతే. ఈ మాట పైకి అనడానికి కూడా తప్పు చేసినట్టు అనిపించింది.

ఆ సాయంత్రం మా వీధి ఆశా కార్యకర్తను పక్కకు పిలిచి చెప్పాను. ఆమె నవ్వలేదు, మందలించలేదు. "ఎనిమిదో రోజు చూస్తే ఏం తెలుస్తుందక్కా?" అంది. కడుపు నిలిచినా, అది గర్భసంచికి అతుక్కున్నాకే హెచ్‌సీజీ అనే హార్మోను మొదలవుతుందట. అది మూత్రంలో కనబడేంత పెరగడానికి ఇంకొన్ని రోజులు కావాలి. ఈ మాత్ర అండం విడుదలను వెనక్కి నెడుతుంది కాబట్టి నెలసరి వారం వరకూ ముందూ వెనకా కావచ్చు. మాత్ర వల్ల పరీక్ష ఫలితం మాత్రం మారదు. "కలిసిన రోజు నుంచి 21 రోజులు ఆగి, పొద్దున మొదటి మూత్రంతో చూడు. అప్పుడొచ్చిన ఒక్క గీతను నమ్ము" అంది. కొంచెం మరకలా కనబడితే నెలసరి వచ్చేసిందనుకోవద్దని, పొత్తికడుపులో ఒకపక్క బాగా నొప్పి వచ్చి కళ్లు తిరిగితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పొమ్మని కూడా చెప్పింది.

ఇంకా రెండు రోజులు ఆగాలి. ఆ రెండు రాత్రులు నేనూ ఆయనా మిద్దె మీద కూర్చుని, రెండో గీత వస్తే ఏం చేయాలో మాట్లాడుకున్నాం. గర్భస్రావానికి 1971 నుంచే మన దేశంలో చట్టం ఉంది. వాడిన సాధనం విఫలమవడం అందులో ఒప్పుకున్న కారణమే. మేజరైన ఆడమనిషి సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. ఆయన విని, "సంతకం అక్కర్లేకపోయినా నీ వెంట నేనుంటా" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట విలువ నాకే తెలుసు.

ఇరవయ్యొకటో రోజు ఒకటే గీత. మరో రెండు రోజులకు నెలసరి వచ్చింది, సరిగ్గా వారం ఆలస్యంగా.

ఆ పొద్దున దీపం పెట్టమని అత్తకు చెప్పాను. ఆమె వత్తి ఎగదోస్తూ, "నాకు నాలుగో బిడ్డ తర్వాత ఇట్లే అయింది. బొప్పాయి తిన్నా, నువ్వులు తిన్నా. ఉందో లేదో తెలుసుకునే దారే లేదు మాకు. మూడు నెలలు ఒక్కదాన్నే దిగులుపడ్నా" అంది. అంతా ఆమెకు ముందే తెలుసన్నమాట. నేను ఏమీ అడగలేదు. కాఫీ కలిపి ఆమె పక్కనే కూర్చున్నాను.

పోయిన వారం మళ్లీ కాపర్ టీ వేయించుకున్నాను. సంఘటన జరిగిన ఐదు రోజుల్లోపు వేయించుకుంటే మాత్ర కన్నా అదే బాగా పనిచేస్తుందని అక్కడి నర్సమ్మ చెప్పాకే తెలిసింది. తిరుపతిలో చదువుతున్న నా కూతురికి ఇదంతా ఫోన్లో చెప్పాను. "అమ్మా, నువ్వేనా?" అంది. నేనే.